కొండకలువ పూయలేదు

ఫిబ్రవరి 22, 1981

ఈ డైరీ ఒక మందుల కంపెనీ వాళ్లు దుకాణానికి ఇచ్చింది. ప్రతి ఏడాదీ ఇస్తారు, ప్రతి ఏడాదీ ఆయన దాన్ని కుంటి బల్ల కాలి కింద పెడతారు. ఈసారి నేను తెచ్చుకున్నాను. మాట్లాడడం మానేసిన మనిషి మాటల్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

మానేసింది నేను. ఆయన కాదు. రేపు ఎవరు ముందు మానేశారని తగాదా వస్తే పనికొస్తుందని స్పష్టంగా రాసి పెడుతున్నాను.

నిన్న భద్రకాళి గుడికి వెళ్లి వచ్చేసరికి మిద్దె మీద నా పూలకుండీలు లేవు. మల్లె, కనకాంబరం, చేమంతి అన్నీ పెరట్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రెండు పగిలాయి. మిద్దె నిండా చాపలు, చాపల నిండా ఏవో దుంపలు.

"దుంపలు ఎండబెట్టాలె. జాగ లేదు," అన్నారు.

"మరి నా మల్లెచెట్టు?"

"అది ఇయ్యాల కాకుంటె రేపు పోయేదే. నువ్వు నీళ్లు ఎక్కువ పోస్తవు."

నిజమే, ఎక్కువే పోస్తాను. ఈ మనిషితో చిక్కే అది. నోట్లోంచి నిజం తప్ప ఇంకోటి రాదు. వరంగల్ చౌరస్తాలో సారంగపాణి మూలికల దుకాణమంటే తాతల నాటి పేరు. తూకంలో తేడా ఉండదు, సరుకులో కల్తీ ఉండదు, మాటలో అబద్ధం ఉండదు. కొత్త చీర కట్టుకుని ఎలా ఉందని అడిగితే "మీ అక్కకైతె బాగుండేది" అంటారు. అలాంటి సత్యవంతుడితో ఇన్నేళ్లు కాపురం చేసిన ఆడదాని మీద ఎవరూ హరికథ చెప్పరు.

ఫిబ్రవరి 26

ఇంట్లో మాటలన్నీ అత్తమ్మ మీదుగా పోతున్నాయి. ఆమెకు చెవులు కొంచెం తక్కువ, ఉత్సాహం కొంచెం ఎక్కువ.

"అత్తమ్మా, పప్పుల ఉప్పు సరిపోయిందో లేదో అడుగుండ్రి," అన్నాను.

ఆమె ముందుగదిలోకి వెళ్లి, "ఒరే, నీ పెండ్లాం నువ్వు సరిపోలేవంటాంది" అని చెప్పి వచ్చింది.

ఆయన కాసేపు ఆలోచించి "ఎర్కే" అన్నారట.

మార్చి 1

మాట్లాడలేదు. చారు అద్భుతంగా కుదిరింది. ఎవరికి చెప్పుకోవాలి?

మార్చి 6

మిద్దె మీద నీళ్లతొట్టి కారుతుంది. కారిన చోట మూలకు ఇంత మట్టి చేరింది. పొద్దున బట్టలు ఆరేయడానికి వెళితే ఆ మట్టి మీద ఒక పువ్వు పడి ఉంది. ఎవరి తలలోంచి జారిందో అనుకుని తీయబోయాను. రాలేదు. నేలను పట్టుకుని ఉంది.

కాడ లేదు. ఆకు లేదు. మట్టి పగిలి నేరుగా పువ్వే బయటికి వచ్చింది. పైన సన్నగా పొడుగ్గా తెల్లటి రేకులు, కింద లేత వంగపండు రంగులో రెండుగా చీలిన పెద్ద రేకు. వంగి వాసన చూశాను. మల్లె కాదు, సంపెంగ కాదు. పసుపుకొమ్మూ కర్పూరమూ పక్కపక్కన పెట్టి పన్నీరు చల్లినట్టుంది.

అక్కడే చతికిలబడ్డాను. బట్టలు బకెట్లోనే ముడతలు పడ్డాయి.

ఆయనకు చెప్పలేదు. నేను మాట్లాడడం లేదు కదా.

మార్చి 7

నిన్నటి పువ్వు తడిసిన కాగితంలా వాడిపోయింది. దాని పక్కనే ఇంకోటి లేచింది.

ఇవాళ యాకమ్మ వచ్చింది. నర్సంపేట అవతల, పాకాల అడవి అంచున ఆమె ఊరు. కరక్కాయలు, వేళ్లు, దుంపలు బస్సులో తెచ్చి దుకాణంలో ఇచ్చి, మధ్యాహ్నం మా వసారాలో తిని వెళుతుంది. చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి తీసుకెళ్లాను.

"ఇదేం పువ్వే యాకమ్మా?"

"కొండకలువ గదమ్మా! మీ సేటు గీ సాపల మీద ఎండబెట్టిండు సూడు, గా దుంపదే గీ పువ్వు. ఒకటి జారి తడి మట్టిల పడ్డట్టున్నది."

"నీ మొకం. ఈ వంకర దుంపకు ఇంత పువ్వా?"

"పువ్వును ఎవ్వలు అడుగుతరు? అందరికి దుంపే గావాలె. వాపుకు పెడ్తరు, మొకానికి పొడి రుద్దుతరు."

ఈ ఇంట్లో కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఈ దుంపల వాసన పీలుస్తున్నాను. మా మామగారు అమ్మారు, ఆయన నాన్న అమ్మారు, ఈయన అమ్ముతున్నారు. ఒక్కరూ పువ్వు గురించి చెప్పలేదు. చెప్పరు మరి. చూసి ఉంటే కదా.

"ఆకు లేదేం?"

"వానలు పడ్డంకనే ఆకు. పువ్వు ఆకును సూడదు, ఆకు పువ్వును సూడదు."

ప్రస్తుతం మా ఇంట్లోనూ అంతే.

ఇదివరకు వాగు పొడుగునా ఉండేదట. ఇప్పుడు తమ ఊరి అడవిలో జాలుబండ దగ్గర తప్ప ఎక్కడా లేదట. "మేమైతె ఒక దుంప తీస్తె రెండు ముక్కలు మల్ల పాతి వస్తుంటిమి. మేస్త్రి కొమురెల్లి కూలోళ్లకు గంత ఓపిక ఏడిది? ఇప్పుడు నేల మీద ఏముండదు గద, ఉత్త ఎండాకు. పువ్వు లేచిందంటె కింద దుంప ఉన్నట్టే. పువ్వును సూసి గడ్డపార ఏస్తరు. దాన్ని అదే పట్టిస్తదమ్మా, పిచ్చిది."

నాకు ఆ పువ్వు మీద ప్రేమేమీ లేదు. నా కుండీలను దింపించిన దుంప అది. ఊరికే రాసుకున్నాను.

మార్చి 9

దుకాణానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. రాజేశ్వర్ రావట, హైదరాబాద్. మద్రాసు కంపెనీ ఏదో మొహానికి రాసుకునే పౌడరు చేస్తుందట, దానికి ఇతను సరుకు కొంటాడు. తెల్ల సఫారీ సూటు. భోజనానికి ఇంటికి తీసుకొచ్చారు.

"సారంగపాణి గారూ, నాకు పరీక్షలూ కాగితాలూ అక్కర్లేదండీ. నా నాలుకే నాకు ల్యాబరేటరీ. ఏ వేరైనా కొరికానంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాను," అన్నాడు. అని నా వంకాయ కూరలో ఏ నూనె వేశానో తప్పు చెప్పాడు.

అతనికి లారీ నిండా కొండకలువ దుంప కావాలి. ఆయన గంజాయి అడిగినట్టు ఉలిక్కిపడి "గంత లేదండి" అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. అంతటితో ఊరుకుంటే ఆయన నా మొగుడు ఎందుకవుతారు?

"నా దగ్గర లేదు గని, పాకాల దిక్కు జాలుబండ కాడ ఉంటదట. పూతకాలంల తీస్తరు. అంటె ఇప్పుడే."

తలుపు చాటున మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. మాట్లాడుతున్న రోజులైతే అక్కడే నోరు నొక్కేదాన్ని.

గురువారం మళ్లీ వస్తాడట. ఎండిన శాంపిల్ చూసి, బాగుంటే ఆర్డరట.

మార్చి 10

చామదుంపను ముక్కలుగా కోసి మిద్దె మీద ఎండబెడితే కొండకలువ దుంప ముక్కల్లాగే ఉంటుంది. ఎందుకో తోచింది, రాసుకున్నాను.

మార్చి 12

శాంపిల్ పొట్లంలోకి చామదుంప ముక్కలు ఎలా చేరాయో నాకు తెలియదు. నాకు తెలిసినంతవరకు నాకు తెలియదు.

రాజేశ్వర్ రావు ముందుగదిలో కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, గాయకుడు శ్రుతి చూసుకుంటున్నట్టు ఒక ముక్క కొరికాడు. నమిలాడు. "మ్..." అన్నాడు. "ఘాటు బాగుంది" అన్నాడు. ఇంకో ముక్క వేసుకున్నాడు. ఆ రెండో ముక్క మాత్రం పూర్తిగా అతని స్వయంకృతం.

మొదట పెదవి గోక్కున్నాడు. తర్వాత లేచాడు. తర్వాత మా వసారాలో అటూ ఇటూ పరుగెత్తాడు.

"థారంగపాణీ! ఇదేం థరుకయ్యా! థావగొత్తావా నన్నూ?"

అత్తమ్మకు చెవులు తక్కువ కదా. "ఆయనెందుకు అట్ల పాడుతాండు?" అని అడిగింది. నేను వంటింట్లోకి పోయి చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇది రాస్తుంటే మళ్లీ నవ్వు వస్తోంది. కానీ మా ఆయన మొహం చూడకుండా ఉండాల్సింది.

మార్చి 13

ఆయన తినలేదు.

"నా దుకాణంల గిట్ల ఎన్నడు కాలే," అని అత్తమ్మతో అన్నారు. దుకాణం తెరవకుండా మిద్దె మీద కూర్చుని, చాపల మీది ముక్కలన్నీ ఒక్కొక్కటీ కొరికి చూస్తున్నారు, ఎక్కడ కల్తీ ఉందో అని. చాపల మీద కలపలేదు కదా, దొరకదు. అంటే, కలిపిన వాళ్లు అక్కడ కలపలేదేమో అని నా ఊహ. అయినా ఒకటో రెండో జారి పడ్డట్టున్నాయి. సాయంత్రానికి ఆయన పెదవులు కూడా బూరెల్లా అయ్యాయి.

"అత్తమ్మా, చింతపండు నీళ్లు పుక్కిలించుమనుండ్రి," అన్నాను.

నాకు జాలి కలగలేదు. చారుకు నానబెట్టిన చింతపండు ఎక్కువైంది, పారబోయడం ఎందుకని.

మార్చి 14

కొంప మునిగింది.

రాజేశ్వర్ రావు నాలుక వాపు దిగిందట. ఎండిన సరుకును ఇక నమ్మడట. పర్మిట్ తీసుకుని, కొమురెల్లి కూలోళ్లనూ లారీనీ వెంటబెట్టుకుని పంతొమ్మిదో తారీఖున తనే జాలుబండకు పోతాడట. పువ్వు కనబడిన చోటల్లా కళ్ల ముందు తవ్వించి, పచ్చి దుంపే తీసుకెళతాడట. సరుకు అసలైనదని చెప్పడానికి ఆయన కూడా వెళ్లాలి. చెడ్డ పేరు వచ్చింది కాబట్టి కాదనలేకపోయారు.

అంటే ఆ శాంపిల్‌లో ఏమీ కలవకపోయి ఉంటే, కూలోళ్లు తోచినంత తవ్వి కొంతైనా మిగిల్చేవాళ్లు. ఇప్పుడు బండ మొత్తం పోతుంది.

తొట్టి పక్కన ఇవాళ పువ్వు లేదు. మొగ్గలు అయిపోయాయి. మట్టి మామూలు మట్టిలా ఉంది. కింద ఏముందో తెలియని వాళ్లు కాలు పెట్టి పోతారు.

మార్చి 16

యాకమ్మకు అంతా చెప్పాను. చామదుంప సంగతితో సహా. డైరీకి చెప్పనిది ఆమెకు చెప్పాను, డైరీ ఏమనుకున్నా సరే.

"జర గమ్మునుంటె కాకపోవునా అమ్మా!" అని తల కొట్టుకుంది. "నీ మొగనితోని నీకు లొల్లి, మా బండకు కొరివి పెడ్తివి."

నేను తిట్లు పడుతూనే ఆలోచిస్తున్నాను. ఆమె అన్న మాటే బుర్రలో తిరుగుతోంది. దాన్ని అదే పట్టిస్తది.

"యాకమ్మా, పువ్వు కనబడకపోతే?"

"అంటే?"

"అన్నీ మనమే తెంపేస్తే? నేల మీద ఏమీ ఉండదు. ఉత్త ఎండాకు. ఎక్కడని తవ్వుతారు?"

యాకమ్మ నా మొహం చూసింది. తర్వాత పొలమారేదాకా నవ్వింది. "దుంపను కాపాడనీకె పువ్వులు తెంపుడా! నీ అసొంటి మనిషితోని సేటు ఎట్ల ఏగుతాండో."

మార్చి 17

నెక్కొండలో చెల్లెలికి ఒంట్లో బాగాలేదని అత్తమ్మకు చెప్పాను. చెల్లెలు ఏనుగులా ఉంది. నెక్కొండ రైలు ఎక్కాల్సిన దాన్ని నర్సంపేట బస్సు ఎక్కాను.

అత్తమ్మ ఆయనకు ఎవరికి బాగాలేదని చెప్పిందో దేవుడికే తెలియాలి.

మార్చి 18

యాకమ్మ గుడిసె ముందు అరుగు మీద రాస్తున్నాను. ఇవాళ చూసింది నా మాటల్లో పట్టేట్టు లేదు గానీ రాస్తాను.

జాలుబండ అంటే పెద్ద నల్లబండ. దాని పగుళ్లలోంచి ఎండాకాలం కూడా నీటి చెమ్మ కారుతూనే ఉంటుంది. చుట్టూ మద్దిచెట్లు, టేకుచెట్లు, ఇప్పచెట్లు. చెమ్మ పారినంత మేరా టేకాకులు పరుచుకుని ఉన్నాయి. ఆ ఎండాకుల మధ్యలోంచి, ఆకు లేకుండా కాడ లేకుండా, కొండకలువలు. మిద్దె మీద ఒక్కదాన్ని చూసి చతికిలబడ్డ దాన్ని, ఇక్కడ నిలబడే ఉన్నాను. కూర్చుందామంటే ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ చూసినా అవే.

"సూసింది సాలు, తెంపు," అంది యాకమ్మ.

ఇప్పపువ్వు ఏరే కాలం కాబట్టి ఊళ్లోని ఆడవాళ్లంతా గంపలతో అక్కడే ఉన్నారు. ఎవరికీ అనుమానం రాదు. అందరం కలిసి తెంపాం. మొగ్గల మీదికి టేకాకులు ఎగదోశాం. తెంపిన పువ్వుల్ని ఏం చేయాలో ఎవరూ చర్చించలేదు, అందరూ తలల్లో పెట్టుకున్నారు. కూలోళ్ల మేస్త్రీ కొమురెల్లి పెండ్లాం సమ్మమ్మకు జుట్టు ఎక్కువ, ఆమె తల మీద చిన్న తోటే ఉంది.

తెంపిన ప్రతి పువ్వునూ వాసన చూస్తూ అందరికంటే వెనకబడ్డాను. పువ్వు మీద ప్రేమ లేదని ఇంతకుముందు రాశాను. దాన్ని కొట్టేయను. ఎవరి మీద కోపంతో రాశానో గుర్తుండాలి.

రేపు పొద్దున మళ్లీ కొత్తవి లేస్తాయి. లారీ రాకముందే తెంపాలి.

మార్చి 19

మొదటి నుంచి రాస్తాను.

పొద్దునే యాకమ్మ చీర కట్టుకుని వాళ్లతో వెళ్లాను. వెలుతురు వచ్చేసరికి నేల ఖాళీ చేశాం, మళ్లీ అందరం తలలు నింపుకున్నాం. బండ పక్కన ఒక గుంపు మాత్రం మిగిలింది. ఒకే చోట ఒత్తుగా, అన్నిటికంటే పెద్ద పువ్వులు.

"దీన్ని నేను తెంప. చేతులొస్తలేవు," అంది యాకమ్మ. నాకూ రాలేదు. సమ్మమ్మకూ రాలేదు. దూరంగా లారీ చప్పుడు. యాకమ్మ చటుక్కున ఇప్పపువ్వు గంప ఖాళీ చేసి, ఆ గుంపు మీద బోర్లించింది.

రాజేశ్వర్ రావు దిగాడు. వెనక ఆయన. వెనక కొమురెల్లి, గడ్డపారలతో కూలోళ్లు. నేను కొంగు తల మీదికి లాక్కుని ఇప్పచెట్టు వైపు తిరిగాను.

కొమురెల్లి నేలంతా చూశాడు. వంగి చూశాడు. తల ఎత్తితే ఎదురుగా సమ్మమ్మ. ఆమె తల నిండా అతను వెతుకుతున్నదే. ఆమె ఏరడం ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మొగుణ్ని చూసింది.

కొమురెల్లి గొంతు సవరించుకున్నాడు. "సారూ, గీసారి కొండకలువ పూయలే."

"పూయకపోవడమేంటయ్యా?"

"వానలు తక్కువైనయి సారు. అలిగింది."

రాజేశ్వర్ రావు నమ్మలేదు. అక్కడో చోట ఇక్కడో చోట తవ్వించాడు. ఒక గొయ్యిలో చెదలు, ఒక గొయ్యిలో మద్దివేరు. మూడోసారి గడ్డపార దిగినప్పుడు అది మొగ్గలున్న చోటుకు మూరెడు దూరం. "రాయి తగిలింది సారు," అన్నాడు కూలివాడు. ఇక చెమట పట్టి రాజేశ్వర్ రావు బండ మీద కూర్చున్నాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఇక్కడేదో గొప్ప పరిమళం వస్తోందే! ఏం పువ్వమ్మా అది, తలలో?"

"అడివి పువ్వు సారు," అంది యాకమ్మ.

"పేరేంటి?"

"మాకేమెర్క సారు? పేర్లు పెట్టేది మీ పట్నపోళ్లు."

"ఒకటి ఇలా ఇవ్వు."

యాకమ్మ ఇచ్చింది. అతను దాన్ని సఫారీ జేబుకు గుచ్చుకున్నాడు. కొండకలువను జేబుకు పెట్టుకుని కొండకలువ కోసం అడవిని తిట్టాడు. దుంపను తప్ప పువ్వును ఎన్నడూ చూడని మనిషి.

మా ఆయనా చూడలేదు. కానీ ఆయనకు ముక్కుంది. చిన్నప్పటి నుంచీ ఆ దుంపల మధ్య పెరిగిన ముక్కు. దుంప వాసనే పువ్వులో ఇంకా సన్నగా ఉంటుంది. ఆయన నడుస్తున్నవారు ఆగిపోయారు. రాజేశ్వర్ రావు జేబు చూశారు. ఆడవాళ్ల తలలు చూశారు. తర్వాత నా వీపు చూశారు. ఈమధ్య నేను ఆయనకు ఎక్కువగా చూపించింది అదే కాబట్టి, పోల్చుకోవడం కష్టం కాలేదు.

ఆయన మెల్లగా వచ్చి గంప పక్కన కూర్చున్నారు. చెయ్యి ఆనించారు. అంచు కొంచెం ఎత్తి లోపలికి చూశారు.

అలాగే చూస్తూ ఉండిపోయారు.

"ఏముందండీ దాని కింద?" అన్నాడు రాజేశ్వర్ రావు.

అయిపోయింది అనుకున్నాను. యాకమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఈ మనిషి చెప్పేస్తాడు. పుట్టిన దగ్గర నుంచీ ఒక్క అబద్ధం ఆడని మనిషి, ఉన్నదున్నట్టు, పేరుతో సహా చెప్పేస్తాడు.

ఆయన గంప దించారు.

"కోడి," అన్నారు.

"అడవిలో కోడా?"

"అడవికోడి."

అక్కడ ఆగొచ్చు. ఆగలేదు. "పొదుగుతాంది. కదిలిస్తె పొడుస్తది. కండ్లే పొడుస్తది." ఆయన మెడ దాకా ఎర్రబడింది. కొత్తగా ఈత నేర్చుకుంటున్న వాడిలా కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నారు, కానీ తేలారు.

రాజేశ్వర్ రావు రెండడుగులు వెనక్కి వేశాడు. "మరి కొండకలువ?"

"ఈడ లేదండి. ఇగ ఏడ లేదు." ఈసారి తడబడనే లేదు.

లారీ ఖాళీగా పోయింది. తను బస్సులో వస్తానని ఆయన ఉండిపోయారు. లారీ మలుపు తిరిగాక రెండు చేతులతో గంప ఎత్తి పక్కన పెట్టి, పువ్వుల మీదికి వంగారు.

"గిట్లుంటదా?" అన్నారు. "తాత కాన్నుంచి దీన్నే అమ్ముకొని తింటానం. గిట్లుంటదని ఒక్కలు చెప్పకపోయిరి."

నేను కొంగు తీసి ఆయన వైపు తిరిగాను. ఆయన నా తలలోని పువ్వుల వైపు చూశారు.

"నీకు బాగున్నది," అన్నారు.

ఈ మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో. కానీ ఆయన ఇందాకే అబద్ధం నేర్చుకున్నారు. నమ్మాలో వద్దో తెలియలేదు.

మార్చి 20

నిన్న బస్సులో మాటలు.

"నెక్కొండల మీ చెల్లెకు ఎట్లున్నది?"

"తగ్గింది."

కాసేపటికి, "చామదుంపలు?"

"నాకేం తెలుసు?"

"నా నాలిక ఇంకా గుంజుతాంది." కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని భయపడి వంగి చూస్తే నవ్వుతున్నారు.

ఇంట్లో ఇద్దరం ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే అత్తమ్మ చిన్నబుచ్చుకుంది. పని పోయింది మరి.

ఏప్రిల్ 11

కుండీలు ఆయనే మిద్దె మీదికి ఎక్కించారు. పచ్చిగా ఉన్న దుంపలన్నీ యాకమ్మకు ఇచ్చి, మళ్లీ పాతమన్నారు. ఇక ఈ దుకాణంలో కొండకలువ కొనడం లేదు, అమ్మడం లేదు.

అంతవరకు బాగుంది. కానీ ఆయనకు అబద్ధం రుచి తగిలింది.

మొన్న కరీంనగర్ వైద్యుడు అడిగితే, "కొండకలువనా? ముండ్లపందులు తిన్నయి" అన్నారు. నిన్న హనుమకొండ ఆచారి అడిగితే, "అడివి అంటుకొని కాలిపోయింది" అన్నారు. ఇవాళ ఇద్దరూ ఒకేసారి దుకాణానికి వచ్చారు.

"ముండ్లపందులు తిన్నంక అంటుకున్నది," అన్నారట.

రాత్రి కూర్చోబెట్టి చెప్పాను. "రోజూ ఒకే అబద్ధం చెప్పాలండీ. కొత్తవి అల్లకండి."

"అదే నిజమైపోతది గద," అన్నారు, కాస్త నిరాశగా.

జూన్ 18

మద్రాసు కంపెనీ ఇంకేదో వేరుతో పౌడరు చేస్తోందట. పాపం ఆ వేరు ఎక్కడుంటుందో, దాని పువ్వు ఎలా ఉంటుందో.

జూలై 26

ఇవాళ ఆదివారం. ఆకు చూడాలని ఆయనే పట్టుబట్టారు. రాత్రంతా వాన, పొద్దున తెరిపి. బస్సు దిగి జాలుబండ దాకా బురదలో నడిచాం.

ఆకులు లేచాయి. మార్చిలో ఖాళీ చేసిన నేలంతా మోకాలెత్తు ఆకులు, పైన ముదురూ లేతా చారలు. ఆయన చెప్పులు విడిచి చేత పట్టుకుని, ఆకుకూ ఆకుకూ మధ్య కాలు చూసి చూసి పెడుతున్నారు. నేను ఒక ఆకు తిప్పి చూపించాను. అడుగున వంగపండు రంగు.

"ఏయ్! ఎవలు మీరు? ఏం దేవులాడుతాన్రు?"

అడవి గార్డు. కొత్తగా వచ్చాడు, పేరు కట్టయ్య. గొడుగూ కర్రా, మెడలో ఈల. వెనక ఇద్దరు పశువుల కాపర్లు.

ఆకులు చూడడానికి వచ్చామంటే సరిపోయేది. నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పేశారు.

"మా ఇంటామె కమ్మ పోయింది."

నా కమ్మలు రెండూ చెవులకే ఉన్నాయి. చలి వేసినదానిలా కొంగు తల చుట్టూ బిగించుకున్నాను.

"అయ్యో! బంగారందా?" అన్నాడు కట్టయ్య.

"రవ్వలది." ఇక ఆపడం నా తరం కాలేదు. "వాళ్ల నాయనమ్మ చచ్చిపోయేటప్పుడు తన చేతులతోని ఈమె చెవులకు పెట్టింది."

కట్టయ్య మొహం మెత్తబడింది. గొడుగు మూసి పక్కన పెట్టాడు. కాపర్లను పిలిచాడు. నలుగురు మగవాళ్లు నేల మీదికి వంగి నా కమ్మ వెతకడం మొదలుపెట్టారు. నేనూ వెతకాల్సి వచ్చింది.

"తొక్కకుండ్రిరా! మట్టిల కూరుకపోతది. ఆకు తొక్కితె మీ కాళ్లు ఇరగ్గొడ్త," అని కట్టయ్య కాపర్ల మీద అరిచాడు. ఒక్కొక్క ఆకునూ పసిపిల్లను లేపినట్టు ఎత్తి చూశాడు. "గీ ఆకు సూసినవా సేటూ, అడుగున సీరె అంచు లెక్కున్నది. ఏం చెట్టో ఇది!"

"నాకు తెల్వది," అన్నారు ఆయన, ఏ తడబాటూ లేకుండా.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. కమ్మ దొరకలేదు. కట్టయ్య నడుం పట్టుకుని లేచి నా ముందు నిలబడ్డాడు.

"ఫికర్ చెయ్యకమ్మా. నాయనమ్మ సొమ్ము ఏడికి పోతది? నేనుండంగ గీ బండ సుట్టు ఒక్కని అడుగు పడనియ్య. గడ్డపార కాదు, గొర్రె గూడ రాదు. నీ కమ్మ దొరికెదాక గీ జాగ జిమ్మేదారి నాది."

నాకు నవ్వు ఆగలేదు. కొంగులో మొహం దాచుకున్నాను. ఏడుస్తున్నాననుకుని కట్టయ్య తన గొడుగు ఇచ్చాడు.

ఇంటికి వచ్చి కమ్మలు తీసి బీరువాలో బట్టల అడుగున దాచాను. కట్టయ్య ఆ అడవిలో ఉన్నంతకాలం అవి బయటికి రావడానికి లేదు. కొత్తవి చేయిస్తానని ఆయన అన్నారు. అది నిజమో కాదో చూడాలి.